ఆ రెండో డ్రోన్ ఎవరిది?

పోయిన సంక్రాంతికి మా ఊళ్ళో కబడ్డీ పోటీలు జరిగాయి. పీఈటీగా చేసి రిటైరైన వాణ్ని కాబట్టి ఏటా విజిల్ నా మెడలోనే ఉంటుంది. రెండో రోజు రాత్రి సెమీఫైనల్. కోర్టుకి మూడు వైపులా వెదురు గ్యాలరీ, ఫ్లడ్ లైట్లు, చుట్టుపక్కల డాబాల పిట్టగోడల మీద కూడా జనమే. పైన ఒక డ్రోన్ తిరుగుతోంది. అది కమిటీ డబ్బిచ్చి మాట్లాడినదే, యూట్యూబ్ లైవ్ కోసం. కాసేపటికి తలెత్తి చూస్తే ఇంకోటి కూడా ఉంది.

కమిటీ వాళ్ళేమో ఆ కుర్రాడే రెండు తెచ్చాడనుకున్నారు. కుర్రాడేమో ఎవరో పెద్దమనిషి తాలూకుదై ఉంటుందిలే, మనకెందుకని ఊరుకున్నాడు. "పోలీసోళ్ళదేమోనండి, కోడిపందాల కోసం తిప్పుతున్నారు కదా" అన్నారొకరు. ఆ మాట చెవిన పడగానే తోట చివర గుండాట బల్ల దగ్గరున్న నలుగురూ మెల్లిగా జారుకున్నారు. మేమంతా నవ్వుకున్నాం. అది ఎవరిదని అడిగిన వాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. నేనూ అడగలేదు.

పది నిమిషాల తర్వాత అది లైటు స్తంభానికి లాగి కట్టిన తీగకి తగిలి, ఆడవాళ్ళు కూర్చున్న వైపు పడింది. ఏడేళ్ళ పిల్లాడికి కనుబొమ్మ చీరుకుపోయింది. మూడు కుట్లు పడ్డాయి. కన్ను పోలేదు, అంతవరకు నయం. కానీ నాకు ఇప్పటికీ నిద్రలో గుర్తొచ్చేది ఆ పిల్లాడి నెత్తురు కాదు. వెనక నుంచి ఎవడో "కరెంటు తీగ తెగిందిరోయ్" అని కేక పెట్టాడు. అంతే, ఆ వైపు గ్యాలరీలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. వెదురు కిర్రుమని ఒక పక్కకి ఒరిగింది. ఒరిగి ఆగింది. ఎందుకు ఆగిందో అది కట్టినవాడికీ తెలియదు, నాకూ తెలియదు.

గోదావరి వాళ్ళకి తొక్కిసలాట అంటే ఏమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు. 2015 జూలై 14, పుష్కరాల మొదటి రోజు పొద్దున్న రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర 27 మంది పోయారు. అక్కడ పైనుంచి ఏదీ పడలేదు. జనం ఎక్కువై, దారి తక్కువై, తోపులాట మొదలైంది. అలా కిక్కిరిసిన చోట నెత్తిన ఏదైనా పడితే, అది కిలో బరువు కూడా లేని ప్లాస్టిక్ వస్తువైనా సరే, దాని దెబ్బకి పోయేవాళ్ళ కన్నా దాన్ని చూసి పరిగెత్తేవాళ్ళ కింద పడి పోయేవాళ్ళే ఎక్కువ. ఈ పోస్టంతా ఆ భయంతోనే రాస్తున్నాను.

ఈ మాట అంటే మా కమిటీలో ఒకాయన, "మాస్టారూ, మనదేమన్నా వరల్డ్ కప్పా అండి, టెర్రరిస్టులు డ్రోన్లు పంపడానికి?" అన్నాడు. ఆయన మాటలో తప్పు ఇక్కడే ఉంది. వరల్డ్ కప్పుల్లాంటి చోట్ల కూడా ఆట ఆపించిన డ్రోన్లు చాలావరకు టెర్రరిస్టులవి కావు. 2014 అక్టోబరులో బెల్‌గ్రేడ్‌లో సెర్బియా, అల్బేనియా ఫుట్‌బాల్ మ్యాచ్ మీదకి ఒక డ్రోన్ జెండా వేలాడదీసుకుని వచ్చింది. ఆటగాడొకడు ఆ జెండా లాగాడు, కొట్లాట మొదలైంది, ప్రేక్షకులు మైదానంలోకి దూకారు, మ్యాచ్ అక్కడితో ఆగిపోయింది. ఒక గుడ్డ ముక్క చేసిన పని అది. 2015 డిసెంబరులో ఇటలీలో మంచు మీద స్కీయింగ్ రేసు జరుగుతుంటే ఆస్ట్రియా చాంపియన్ మార్సెల్ హిర్షర్ వెనకే కెమెరా డ్రోన్ ఊడి పడింది. క్షణం ముందు పడి ఉంటే అతని వీపు మీదే. అది బయటివాళ్ళది కాదు, రేసుని టీవీకి తీస్తున్న డ్రోనే! 2022 జనవరిలో ఇంగ్లండులో బ్రెంట్‌ఫర్డ్, వుల్వ్స్ ఫుట్‌బాల్ మ్యాచ్ మీద ఎవడో అనుమతి లేకుండా ఎగరేసిన డ్రోన్ వల్ల ఆటగాళ్ళని లోపలికి పంపేసి దాదాపు ఇరవై నిమిషాలు ఆట ఆపారు. పారిస్ ఒలింపిక్స్‌లో అయితే ఇంకా సిగ్గుచేటు. కెనడా మహిళల ఫుట్‌బాల్ జట్టు వాళ్ళే న్యూజీలాండ్ ప్రాక్టీసు మీదకి డ్రోన్ పంపి దొరికిపోయారు, ఆరు పాయింట్లు పోగొట్టుకున్నారు. ప్రారంభోత్సవం రోజు పారిస్ చుట్టూ 150 కిలోమీటర్ల మేర ఆకాశం మూసేసిన పోటీల్లోనే ఈ వేషం.

నిజమైన ప్రమాదం లేదని నేను అనడం లేదు. 2025 మే 8 రాత్రి ధర్మశాలలో పంజాబ్, ఢిల్లీ ఐపీఎల్ మ్యాచ్ మధ్యలో లైట్లు ఆర్పి జనాన్ని బయటికి పంపేయడం మనమంతా టీవీలో చూశాం. మర్నాడే ఐపీఎల్‌ని వారం పాటు ఆపేశారు. సరిహద్దు అవతల రావల్పిండి స్టేడియం దగ్గర అదే రోజు డ్రోన్ పడితే వాళ్ళ లీగ్ మ్యాచ్ కూడా ఆగింది. అది యుద్ధం. దాన్ని చూసుకోవడానికి సైన్యం ఉంది. మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ చేసిన డీ4 అనే వ్యవస్థ డ్రోన్‌ని పసిగడుతుంది, దాని సిగ్నల్ తెంపుతుంది, అవసరమైతే లేజర్‌తో కాల్చేస్తుంది. 2025 ఏప్రిల్‌లో మన కర్నూలు దగ్గరే 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లని కూల్చి చూపించారు. గర్వంగానే ఉంది. కానీ ఆ యంత్రాలు మా ఊరి కబడ్డీకి రావు, వచ్చినా ఉపయోగం లేదు.

ఎందుకు లేదో చెప్తాను, ఇది చాలామందికి తెలియడం లేదు. మామూలు డ్రోనుకీ చేతిలోని రిమోటుకీ మధ్య మాటలు నడిచేది ఎక్కువగా 2.4, 5.8 గిగాహెర్ట్జ్ మీద. మన ఇంట్లో వైఫై నడిచేదీ ఆ చుట్టుపక్కలే. జామర్ వేస్తే ఆ మాటలు తెగుతాయి. తెగితే డ్రోన్ ఏం చేస్తుంది? దాని సెట్టింగుని బట్టి ఉన్నచోటే ఆగుతుంది, లేదా బయల్దేరిన చోటికి తిరిగి పోతుంది, లేదా ఉన్నచోటే దిగిపోతుంది. జీపీఎస్ కూడా తెంపేస్తే గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతుంది. కింద ఐదు వేల మంది కూర్చుని ఉంటే ఈ "దిగిపోవడం" ఎవరి నెత్తి మీదో ఆలోచించండి. పైగా జామర్ అనేది ఎవరు పడితే వాళ్ళు కొని వాడేది కాదు, మన దేశంలో అది నేరం. రాడార్ పెడదామంటే దానికి చిన్న డ్రోనుకీ పక్షికీ తేడా చెప్పడమే పెద్ద పని. కొంగలు మందలు మందలుగా తిరిగే మా చేల మీద దాని తిప్పలు ఎలా ఉంటాయో ఊహించుకోండి. నెదర్లాండ్స్ పోలీసులు 2016లో డ్రోన్లని పట్టుకోవడానికి ఏకంగా డేగలకి శిక్షణ ఇచ్చారు. 2017 చివరికల్లా ఆ సంబడం మానేశారు. డేగ కదండీ, దానికి బుద్ధి పుట్టినప్పుడు వెళ్తుంది గానీ ఎస్సై గారు చెప్పినప్పుడు వెళ్తుందా?

అందుకే నా వాదన ఒక్కటే. ఆకాశంలో వస్తువు కోసం కాదు, నేల మీద రిమోట్ పట్టుకున్న చెయ్యి కోసం వెతకాలి. ఎగిరే ముందే ఆ చెయ్యి ఎవరిదో తెలిసి ఉండాలి.

దానికి చట్టం లేదా? ఉంది. 2021 ఆగస్టులో కేంద్రం డ్రోన్ రూల్స్ తెచ్చింది. 250 గ్రాములు దాటిన ప్రతి డ్రోనుకీ రిజిస్ట్రేషన్ నంబరు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉండాలి. డబ్బు తీసుకుని ఎగరేసేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్, అంటే మన మాటలో లైసెన్సు, ఉండాలి. రెండు కిలోల లోపు డ్రోన్ సరదాకి ఎగరేసుకుంటే లైసెన్సు అక్కర్లేదన్నారు. మా దగ్గర ప్రతి పెళ్ళి ఫొటోగ్రాఫరూ ఈ సరదా కిందే చేరిపోయాడు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, రాష్ట్ర ప్రభుత్వం గానీ పోలీసులు గానీ అవసరమైతే ఒక చోటుని ఒక్కో విడతకి 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా, అంటే డ్రోన్లు ఎగరకూడని చోటుగా, ప్రకటించవచ్చు. 96 గంటలంటే నాలుగు రోజులు. భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ! మన పండగ కొలతకి కుట్టించినట్టే ఉంది. మా చుట్టుపక్కల ఏ కమిటీ అయినా దీని కోసం కాగితం పెట్టిందేమోనని వాకబు చేశాను. మైకు పర్మిషన్‌కి పెడతారు, కరెంటు కనెక్షన్‌కి పెడతారు. దీనికి పెట్టినవాళ్ళు ఒక్కరూ తగల్లేదు.

అమెరికాలో 30,000 సీట్లు దాటిన స్టేడియంలో పెద్ద లీగు మ్యాచ్ ఉంటే, గంట ముందు నుంచి ఆట అయిన గంట వరకు, సుమారు ఐదున్నర కిలోమీటర్ల వ్యాసార్ధంలో 3,000 అడుగుల ఎత్తు వరకు ఏదీ ఎగరకూడదు. ఇది ఎవరూ అడగక్కర్లేదు, మ్యాచ్ ఉందంటే రూలు ఉన్నట్టే. మనకి అంత అక్కర్లేదు. ఐదున్నర కిలోమీటర్లంటే మా లంకల్లో నాలుగు ఊళ్ళు కలిసిపోతాయి, పాపం చేలకి పురుగుమందు కొట్టే డ్రోన్ల వాళ్ళ పని ఆగిపోతుంది. వాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు. ఎకరం చేను పది నిమిషాల్లో కొట్టేస్తున్నారు, మనిషి వీపున ట్యాంకు మొయ్యక్కర్లేకుండా పోయింది.

డ్రోన్ షాట్ అందం నాకూ తెలుసు. ఆత్రేయపురంలో సంక్రాంతికి జరిగే డ్రాగన్ పడవల పోటీలు పైనుంచి చూస్తే ఉండే అందం గట్టు మీద నిలబడి చూస్తే రాదు. కాలవ, రెండు పక్కలా కొబ్బరి చెట్లు, ఒకేసారి లేచే తెడ్లు. తీయొద్దని ఎవరంటారు? నేననేది కాలవ మీదే ఎగరమని. అక్కడ పడితే నీళ్ళలో పడుతుంది, పోతే దాని యజమాని డబ్బులు పోతాయి. గట్టు మీదకి రాకూడదు, గట్టు మీద తలకాయలున్నాయి. కబడ్డీ అయితే కోర్టు పక్కనున్న ఖాళీ చేను మీద నిలబెట్టి ఏటవాలుగా తీసుకోమనండి. మనం కొబ్బరి తోటల్లో పుట్టినవాళ్ళం. కాయ దింపేటప్పుడు చెట్టు కింద పిల్లలుంటే "ఒరేయ్ తప్పుకోండ్రా" అని ముసలమ్మ కూడా కేకేస్తుంది. ఆ చెట్టుకి రెండింతల ఎత్తులో వలిచిన కాయంత బరువు, నాలుగు రెక్కలు గిర్రున తిరుగుతూ మన నెత్తి మీద ఆగి ఉంటే మాత్రం చేతులూపి ఫోజులిస్తాం.

ఇంతకీ ఆ రెండో డ్రోన్ ఎవరిదో తెలిసిందా అని అడుగుతారు. తెలిసింది. ఆ రాత్రి ఎవరూ వచ్చి నాదని అనలేదు. మర్నాడు మా వాళ్ళు దాని మెమరీ కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టారు. మొదటి వీడియోలోనే ఒక డాబా, ఆరేసిన అప్పడాలు, రెండు కాళ్ళు. ఆ డాబా చూడగానే అందరికీ తెలిసిపోయింది. కమిటీలో ఉన్నాయన ఇల్లే. పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చిన ఆయన అల్లుడు కొత్తగా కొన్నాడట. కేసు లేదు. పిల్లాడి తండ్రి చేతిలో రెండు వేలు పెట్టి, "పండగ పూట ఎందుకులెండి" అన్నారు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను. నోరు మెదపలేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. అంతకుముందు కమిటీ డ్రోన్ కుర్రాడితో, "ఇంకాస్త కిందకి దింపవయ్యా, రైడర్ మొహం కనపడట్లేదు" అన్నది నేనే. వాడు దింపాడు. దాన్ని చూసే రెండోది కూడా దిగింది.

ఈ ఏడాది మీటింగులో పట్టుబట్టి కాగితం రాయించాను. ఎగరేసేది ఒకే డ్రోన్, దాని నంబరు, లైసెన్సు కాపీ, ఎగరేసేవాడు విజిల్ వినపడేంత దూరంలో నా పక్కనే నిలబడాలి, ఇంకేదైనా కనపడితే ఆట ఆపి మైకులో అడుగుతాం. దాంతో పాటు నాలుగు రోజులకి రెడ్ జోన్ అడుగుతూ ఎస్పీ గారి పేరున ఒక అర్జీ. స్టేషన్‌కి పట్టుకెళ్ళి ఇచ్చాను. అక్కడాయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, చాలా మర్యాదగా అడిగారు: "మాస్టారూ, రెడ్ జోనంటే కరోనా అప్పుడు పెట్టిందే కదండీ, అది మళ్ళీ ఎందుకండీ?"

కుర్చీ లాక్కుని మొదటి నుంచి చెప్పాను. టీ తెప్పించారు.