గోడ నిలిస్తే ఇల్లు నిలిచినట్టేనా?

వాగు తగ్గిన మూడో రోజో నాలుగో రోజో ఊళ్లోకి సర్వే బృందం వస్తుంది. పూర్తిగా కూలిన ఇళ్లెన్ని, పాక్షికంగా దెబ్బతిన్నవెన్ని అని రాసుకుంటుంది. గోడలు నిలిచి ఉంటే ఆ ఇల్లు రెండో పట్టికలోకి పోతుంది. నిజానికి మట్టి గోడకు అసలు గండం ఎండ కాసిన తర్వాతే. పునాది నుంచి నీరు పీల్చుకుని ఉబ్బిన గోడ ఆరే కొద్దీ నెర్రెలు విచ్చుతుంది. పైన దూలాలు, పెంకుల బరువు ఉండనే ఉంటుంది. వారం పది రోజుల తర్వాత ఏ రాత్రో అది ఒరిగిపోతుంది. అప్పటికి జాబితా మండల కార్యాలయం దాటిపోయి ఉంటుంది.

కేంద్రం 2022-26 కాలానికి ఖరారు చేసిన విపత్తు సాయం ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా ధ్వంసమైన ఇంటికి రూ.1.20 లక్షలు ఇస్తారు. పాక్షికంగా దెబ్బతిన్నదని రాస్తే పక్కా ఇంటికి రూ.6,500, కచ్చా ఇంటికి రూ.4,000. నాలుగు వేలతో ఇటుక, సిమెంటు, మేస్త్రీ కూలి కలిపి ఒక్క గోడైనా లేస్తుందా? రాష్ట్ర ప్రభుత్వాలు అదనంగా కొంత కలిపిన సందర్భాలున్నా, ఏ పట్టికలో పేరెక్కిందన్నదే ఆ కుటుంబం భవిష్యత్తును తేలుస్తోంది.

మరో నిబంధన ఇంకా అన్యాయమైనది. ఇల్లు కొట్టుకుపోనప్పుడు, పూర్తిగా దెబ్బతిననప్పుడు, రెండు రోజులకు మించి నీట మునిగి ఉంటేనే బట్టలకు, వంటసామానుకు చెరో రూ.2,500 దక్కుతాయి. నదీ తీరపు వరదకు ఆ లెక్క సరిపోవచ్చు. మెరుపు వరద రెండు రోజులు ఆగదు. తెల్లవారుజామున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతుంది, ఇంట్లో ఉన్నదంతా ఆ కాసేపట్లోనే ఊడ్చేస్తుంది. 2024 సెప్టెంబరు 1న ఆకేరు వాగు ముంచెత్తినప్పుడు మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం సీతారాం తండాలో జనం డాబాలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఇలాంటి ఊళ్లలో నీరు తీశాక ఇంటి ముందు మంచాల మీద కనిపించేవి ఏమిటి? మొలకెత్తిన వడ్లు, అట్టలు ఊడిన పట్టాదారు పాస్‌పుస్తకాలు, అక్షరాలు చెదిరిన పిల్లల పదో తరగతి మెమోలు. నీరు ఎన్ని గంటలు నిలిచిందన్న ప్రశ్న ఆ ఇల్లాలిని అడగడమే తప్పు.

రోడ్ల విషయంలోనూ ఇదే చూపు. ఆ వరదలోనే మహబూబాబాద్ జిల్లాలోని ఇంటికన్నె - కేసముద్రం స్టేషన్ల మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైలు పట్టాలు గాలిలో వేలాడిన దృశ్యం దేశమంతా చూసింది. రైల్వే యంత్రాంగం రాత్రింబవళ్లు శ్రమించి రోజుల వ్యవధిలో మార్గాన్ని నిలబెట్టింది. పల్లె దారి కింద కూడా జరిగేది అదే. కొమ్మలు, తుంగ అడ్డుపడి కల్వర్టు పైపులు పూడుకుపోతాయి, నీరు రోడ్డెక్కి అవతలి అంచున దూకుతుంది, తారు కింద మట్టి కోసుకుపోతుంది. పైన తారు పలక అలాగే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. గండి పడిన చోట నాలుగు ట్రాక్టర్ల మొరం పోసి రాకపోకలు పునరుద్ధరించామంటారు. మరుసటి వానకు సరిగ్గా అక్కడే తెగుతుంది. అప్పుడు ఆగిపోయేది బడి పిల్లల బస్సు, నెలలు నిండిన గర్భిణి కోసం బయల్దేరిన 108 వాహనం.

వానల తీరు మారిపోయిందని కొత్తగా చెప్పనక్కర్లేదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. తెలంగాణలో అంతకు ముందెన్నడూ నమోదు కానంత వాన అది. ఆ వానలకే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచేసింది, కొండాయి వద్ద జంపన్నవాగు వంతెన కొట్టుకుపోయింది. అయినా పాత వానల లెక్కతో వేసిన పైపులు తెగితే మళ్లీ అదే సైజు పైపులు దించడం ఎందుకు? కల్వర్టుకు ఎన్ని కళ్లుండాలో గత వరద గుర్తే చెబుతుంది. ఆ గుర్తు ఏ గోడ మీద, ఏ చెట్టు మీద ఉందో ఊళ్లో పశువుల కాపరిని అడిగినా చూపిస్తాడు.

నీరు తీసిన మూడు వారాలకు రెండో సర్వే తప్పనిసరి చేయాలి. రెవెన్యూ సిబ్బందితో పాటు పంచాయతీరాజ్ ఇంజినీరు వెళ్లి గోడను, పునాదిని తాకి చూడాలి. ఆలోగా కూలిన ఇంటిని పూర్తి నష్టం కింద చేర్చే అధికారం తహసీల్దారుకే ఇవ్వాలి. మెరుపు వరదలకు రెండు రోజుల షరతును తదుపరి ప్రమాణాల్లో కేంద్రం తొలగించాలి, అందుకు తెలుగు రాష్ట్రాలు రెండూ కలిసి పట్టుబట్టాలి. మొరంతో పూడ్చిన ప్రతి గండికీ శాశ్వత కల్వర్టు అంచనా అదే సీజన్‌లో తయారై, వచ్చే జూన్‌లోగా పని పూర్తి కావాలి.