మూడు రోజులూ నేను ఆన్‌లైన్‌లోనే ఉన్నానట

గత నెలలో ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధికి మూడు రోజుల పాటు ఇంటర్నెట్ రాలేదు. రోడ్డు తవ్వకంలో ఎక్కడో ఫైబర్ తెగిందన్నారు. మా అమ్మాయి పరీక్ష దరఖాస్తు నింపడానికి సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లి కూర్చోవలసి వచ్చింది. ఆ రోజుల సొమ్ము బిల్లులో తగ్గించమని ఇంటర్నెట్ ఆపరేటరు ఆఫీసులో అర్జీ పెడితే (అది ఒడియాలోనే ఉండాలన్నారు, అలాగే రాయించాను), కౌంటరులోని అబ్బాయి కంప్యూటరు చూసి తెలుగులోనే చెప్పాడు: "మీ అకౌంటు 71 గంటల 40 నిమిషాలు ఆన్‌లైన్‌లో ఉంది మాస్టారూ."

అతను అబద్ధమాడలేదు. నా అభ్యంతరమల్లా ఆ 'ఆన్‌లైన్' అనే మాట మీదనే. మన రౌటరు లాగిన్ కాగానే ఆపరేటరు దగ్గరి పరికరం రేడియస్ సర్వరుకు (ఎవరు ఎంతసేపు లాగిన్ అయి ఉన్నారో లెక్క రాసుకునే కంప్యూటరుకు) 'మొదలు' అని, లింకు తెగగానే 'ముగింపు' అని కబురు పంపుతుంది. ఆ మధ్య కాలమే ఒక 'సెషన్'; దాన్ని సెకన్లలో లెక్కకడుతుంది. ఈ పద్ధతిని 2000 జూన్‌లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 2866 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం వివరిస్తుంది. అంటే ఆ 2,58,000 సెకన్లు మా ఇంటికీ ఆపరేటరు పరికరం ఉన్న గదికీ మధ్య తీగ బతికి ఉన్న కాలం మాత్రమే. తెగింది వారి గది దాటాక అయితే, అవతల లోకమే లేకపోయినా గడియారం నడుస్తూనే ఉంటుంది. మా రౌటరు ఇన్వర్టరు మీద ఉండడం వల్ల ఒక్కసారైనా ఆగలేదు. ఇన్వర్టరు లేని పక్కింటివారికి కరెంటు పోయినప్పుడల్లా సెషన్ తెగింది కనుక వారికి కొంత తగ్గించారు. ఇన్వర్టరు కొనుక్కున్న పాపం నాది!

అదే లెక్కలో ఎంత డేటా వచ్చింది, ఎంత వెళ్లింది అన్న అంకెలూ, సెషన్ ఎందుకు ముగిసిందన్న కారణమూ నమోదు చేసే వీలు ఉంది. గంటల పక్కన డేటాను పెట్టి చూస్తే, మూడు రోజుల్లో మా ఇంట్లో ఎవరూ ఒక్క వీడియో కూడా చూడలేదని చిన్నపిల్లవాడైనా గ్రహిస్తాడు. రెండోసారి వెళ్లి ఆ గడి చూపించమన్నాను. ఆ అబ్బాయి తెర నా వైపు తిప్పాడు. అంకె దాదాపు సున్నా. "బిల్లు కట్టే సాఫ్ట్‌వేరు ఈ గడి చూడదండీ," అన్నాడు. అర్జీ ఇంకా వారి బల్ల మీదే ఉంది.