పాత పట్టు స్కార్ఫులు పోగేసేవాళ్లు పిచ్చోళ్లు కాదు

ముందే చెప్పేస్తున్నా, నా బీరువాలో ఒక్క డిజైనర్ స్కార్ఫు కూడా లేదు, కొనే ఉద్దేశం కూడా లేదు. చదరపు గుడ్డ ముక్కకి వందల డాలర్లంటే మా ఇంట్లో ఆ మాట ఎత్తడానికే నాకు ధైర్యం చాలదు. అయినా కొన్నేళ్లుగా ఈ పాత పట్టు స్కార్ఫులు సేకరించేవాళ్ల లోకాన్ని బయట నుంచి గమనిస్తున్నాను. ఒక అంచు కుట్టు గురించి రాత్రంతా వాదించుకోవడం చూసి మొదట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. వాళ్లు చేస్తున్న పని మనం చెయ్యలేదు కాబట్టే మన ఇళ్లలో పట్టుచీరలు వెండి ముద్దలైపోయాయని నా గట్టి నమ్మకం. ఆ సంగతికి వస్తాను.

ఈ స్కార్ఫులకు పేరుపడ్డ ఫ్యాషన్ సంస్థ హెర్మెస్ కథ చాలామందికి తెలిసిందే. 1837లో పారిస్‌లో గుర్రపు జీనులు, కళ్లేలు చేసే దుకాణంగా మొదలైంది. సరిగ్గా నూరేళ్లకు, 1937లో, ఆ ఇంటి అల్లుడు రాబర్ట్ డ్యూమా మొదటి పట్టు స్కార్ఫు తెచ్చాడు. కొలత 90 సెంటీమీటర్ల చదరం, అచ్చు వేసేది ఫ్రాన్స్ పట్టుకి పుట్టిల్లు లాంటి లియాన్‌లో. తర్వాత హాలీవుడ్ నటి గ్రేస్ కెల్లీ దెబ్బ తగిలిన చేతికి ఆ స్కార్ఫుతో కట్టు కట్టుకుంది, ఎలిజబెత్ రాణి గుర్రాల దగ్గరికి వెళ్తూ తలకు చుట్టుకుంది, మిగతాది ఫ్యాషన్ పత్రికలు చూసుకున్నాయి.

పాతది కొనేవాళ్లు ఏం చూస్తారో తెలుసా? ముందు అంచు. మన చీరకి పీకో మెషిన్ మీద పది నిమిషాల్లో చేయించేస్తాం కదా, అక్కడ అంచుని వేళ్లతో సన్నగా, గుండ్రంగా చుట్టుకుంటూ చేత్తో కుడతారు, అదీ హెర్మెస్‌లో బట్ట ముందు వైపుకి చుడతారు. అది చిన్న దారం పాములా ఉబ్బుగా ఉండాలి. ఎవరైనా డ్రైక్లీనింగ్‌కి ఇచ్చి ఇస్త్రీ పెట్టె కింద నలిపించారో, అంచు అణిగిపోయిందో, ధర కూడా అణిగిపోయినట్టే. తర్వాత లోపలి లేబుల్ ఉందా, కత్తిరించేశారా. తర్వాత రంగులు. ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ (అచ్చు వేసే జాలీ చట్రం) చొప్పున ముప్ఫై, నలభై స్క్రీన్లు వేసిన డిజైన్లు కూడా ఉంటాయి, ఒక్క బొమ్మను రంగులుగా విడగొట్టడానికే ఆ పనివాళ్లకి వందల గంటలు పడుతుంది. పట్టు నిజమా కాదా అన్నది మన అమ్మలకి కొత్త విద్యేం కాదు. ఒక్క పోగు లాగి కాల్చి చూస్తే జుట్టు కాలిన కంపు రావాలి, ముట్టుకుంటే బూడిదై రాలాలి, ప్లాస్టిక్ లాగా ముద్ద కడితే మోసం.

ఇవన్నీ చూశాక అసలు ప్రశ్న వేస్తారు. దీన్ని గీసింది ఎవరు?

నన్ను కట్టి పడేసింది ఈ ప్రశ్నే. కెర్మిట్ ఆలివర్ అని ఒక నల్లజాతి చిత్రకారుడు ఉన్నాడు. టెక్సస్‌లో వేకో అనే ఊళ్లో పోస్టాఫీసులో రాత్రి షిఫ్టు చేసేవాడు, ఉత్తరాలు వేరుచేసే పని. పగలు బొమ్మలు వేసుకునేవాడు. 1980లలో హెర్మెస్ ఆయన చేత స్కార్ఫులు గీయించడం మొదలుపెట్టింది, ఆ సంస్థకు గీసిన మొదటి అమెరికన్ ఆయనే. డజనుకు పైగా డిజైన్లు చేశాడు, పానీ అనే అమెరికా ఆదివాసీ తెగ నాయకుడి బొమ్మ, టెక్సస్ పక్షులు, జంతువులు, అడవి పూలు. పారిస్ దుకాణంలో అద్దాల వెనక ఆయన బొమ్మ మెరుస్తుంటే ఆయన మాత్రం వేకోలో ఉత్తరాలు గళ్లలో సర్దుతూ ఉన్నాడు. ఆ ఉద్యోగం ఆయన మానలేదు. ఇదంతా మనకెలా తెలిసింది? స్కార్ఫు మీద పేరు ఉంది కాబట్టి. ఆ పేరు ఎవరిదని అడిగిన కొనుగోలుదారులు ఉన్నారు కాబట్టి. మూలన ఉన్న చిన్న అక్షరాలే ఒక మనిషి జీవితాన్ని బయటికి లాక్కొచ్చాయి.

ఆనీ ఫేవ్ర్ అనే ఆవిడ ఇంకో రకం. తను గీసే ప్రతి స్కార్ఫులో ఎక్కడో ఒకచోట ఒక కోతిని దాచిపెడుతుంది. కొన్నవాళ్లు బట్ట పరిచి కోతి కోసం వెతుక్కుంటారు, అదో ఆట. ఇక హ్యూగో గ్రిగ్‌కార్ ఉన్నాడు, 1957లో వచ్చిన బ్రిడ్ ద గాలా ఆయనదే, కళ్లేల బొమ్మ, సంస్థ మొత్తంలో అతి ఎక్కువ పేరున్న డిజైన్లలో ఒకటి. తమాషా ఏంటంటే దాని మీద ఆయన సంతకం లేదు. సంతకం లేకపోయినా అది ఆయనదేనని సేకరణ చేసేవాళ్లలో చిన్నపిల్లవాడు కూడా చెప్తాడు, ఎందుకంటే ఎవరో కూర్చుని కాగితాలు తిరగేసి, డిజైన్ పేరు, ఏడాది, గీసినవాడి పేరు వరసగా రాసి పెట్టారు. జీతం తీసుకోని గుమస్తాలు వీళ్లు. మ్యూజియంవాళ్లు చెయ్యాల్సిన పని సొంత డబ్బులు పెట్టి చేస్తున్నారు.

ఇదంతా బ్రాండ్ మోజు, డబ్బున్నవాళ్ల కాలక్షేపం, పట్టుపురుగుల ప్రాణానికి లేబుల్ తగిలించి పదింతలకు అమ్ముకోవడం అనే వాదన నేనూ విన్నాను, కొంత నిజమే. నకిలీలు కుప్పలు. లాభం కోసం కొని దాచేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మీద నాకు గౌరవం లేదు. కానీ కేవలం బ్రాండే అయితే ఒకే కంపెనీ పాత స్కార్ఫులన్నీ ఒకే ధర పలకాలి కదా? పలకవు. ఆలివర్‌వి, చిరుతపులుల్ని ప్రాణంతో ఉన్నట్టు గీసిన రాబర్ట్ డాలేవి ఒక ధర, అదే పెట్టె, అదే లేబుల్, అదే పట్టుతో వచ్చిన మామూలు డిజైన్లు ఇంకో ధర. ఆ తేడా మనిషికి కడుతున్న వెల.

పోనీ హెర్మెస్‌ని పక్కన పెట్టండి. వేరా న్యూమన్ అని అమెరికాలో ఒకావిడ ఉండేది, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిగిలిపోయిన పారాచూట్ పట్టు మీద స్కార్ఫులు అచ్చు వేయడం మొదలుపెట్టింది. మధ్యతరగతి ఆడవాళ్లు కొనగలిగే ధర. ప్రతి దాని మీద తన పేరు, చాలా వాటి మీద పక్కనే చుక్కల పురుగు, లేడీబగ్ అంటారే అది. ఇప్పటికీ అమెరికాలో పాత సామాన్ల దుకాణాల్లో పది, ఇరవై డాలర్లకు దొరుకుతాయి. వాటిని కూడా ఇంతే భక్తిగా పోగేస్తున్నారు, సంతకం తీరు చూసి, పురుగు బొమ్మ ఎంత ఉందో చూసి ఏ కాలం నాటిదో తేలుస్తున్నారు. ఇందులో ఏ రాణిగారూ లేదు, ఏ కోటీశ్వరుడూ లేడు. ఒక పేరు, ఆ పేరుని పట్టుకుని కాలాన్ని వెనక్కి తిప్పే ఓపిక, అంతే. అదే రోజుల్లో లండన్‌లో ఆషర్ అనే దంపతులు చిత్రకారుడు మతీస్, శిల్పి హెన్రీ మూర్ లాంటి మహామహుల చేత స్కార్ఫులకు బొమ్మలు గీయించారు. బొమ్మ గీసినవాడికి గోడ మీద దక్కే గౌరవం మెడ చుట్టూ కూడా దక్కాలని అప్పుడే అనుకున్నారన్నమాట.

ఇక మన ఇంటికి వద్దాం. మా అమ్మమ్మ పెళ్లి చీర ఉండేది, వంకాయ రంగుకి ఎర్ర అంచు. నాకు ఏడో ఎనిమిదో ఏట వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం, జరీ చీరలు కొంటాం" అని అరుస్తూ ఒకాయన వస్తే మా ఇంట్లోవాళ్లు ఆ చీర తీసి ఇచ్చేశారు. ఆయన అంచు గీకి చూశాడు, చేత్తో బరువు ఆనాడు, ఏదో లెక్క చెప్పాడు. ఆ డబ్బుకి ప్రెషర్ కుక్కర్ వచ్చింది. ఆ చీర ఆ తర్వాత ఏమైందో మీకూ తెలుసు, కాల్చి, జరీలోంచి వెండి తీసుకుని ఉంటారు. ఎవరినీ తప్పు పట్టను, కుక్కర్ అవసరమే. కానీ ఆ చీర ఎక్కడ నేశారు, ఎవరు నేశారు, అంచులో ఆ బొమ్మ పేరేమిటి, మాకెవరికీ తెలియదు. తెలియని దానికి మనం తెలిసిన వెల ఒక్కటే కట్టగలం. వెండి బరువు.

మన దగ్గర చదరపు గుడ్డలు లేవా అంటే, హెర్మెస్ స్కార్ఫు పుట్టకముందు నుంచీ చీరాల వైపు నేసిన తేలియా రుమాళ్లు ఉన్నాయి. నూలుని నూనెలో, బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పడుగుకీ పేకకీ విడివిడిగా ముడులు కట్టి రంగులద్ది, మగ్గం మీద ఆ రెండు రంగుల గీతలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడేలా నేసే పని అది. వెంట్రుక వాసి పక్కకు జరిగితే బొమ్మ చెదిరిపోతుంది. ఎరుపు, నలుపు, తెలుపు. అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా ఓడల్లో వెళ్లాయి, మన పశువుల కాపర్లు, బెస్తలు కూడా కట్టుకున్నారు. (తెలంగాణ పల్లెల్లో తలపాగాని ఇప్పటికీ రుమాలనే అంటారు.) గడియారాలు, విమానాలు, సింహాలు నేసిన పాత రుమాళ్లు విదేశాల మ్యూజియాల్లో ఉన్నాయి. నాకు చెప్పండి, మొట్టమొదట మగ్గం మీద విమానం దింపాలని ఏ నేతగాడికి తోచింది? ఆకాశంలో చూశాడా, పేపర్లో చూశాడా? ఆ మనిషి ఎవరు? వేకో పోస్టాఫీసులో ఉద్యోగి ఎవరో నాకు తెలుసు. చీరాల మగ్గం గుంతలో కూర్చున్నవాడు ఎవరో తెలియదు. రెంటి మధ్యా తేడా కళలో లేదు, లెక్క రాసుకోవడంలో ఉంది.

ప్రభుత్వం ఊరుకోలేదు, జీఐ గుర్తింపులు ఇచ్చింది, అంటే ఫలానా సరుకు ఫలానా ఊరిదని చెప్పే భౌగోళిక గుర్తింపు. ఇలాగే ముడులు కట్టి రంగులద్ది నేసే పోచంపల్లి ఇక్కత్‌కి 2005లో, తెలంగాణలోని పుట్టపాక ఊళ్లో నేసే తేలియా రుమాలుకి 2020లో. సంతోషం. కానీ జీఐ అనేది ఊరికి ఇచ్చే పేరు, మనిషికి ఇచ్చేది కాదు. పుట్టపాక నేతకారుడు గజం గోవర్ధన్‌కి 2011లో పద్మశ్రీ వచ్చింది, ఆయన పేరు నలుగురికీ తెలిసింది, మంచిదే, అయితే పద్మశ్రీ వచ్చేదాకా ఆగాలా పేరు బయటికి రావడానికి? చింతకింది మల్లేశం తన తల్లి ఆసు (నేతకు ముందు దారాన్ని చేత్తో మేకుల చుట్టూ తిప్పే పని) పోసీ పోసీ చేతులు నొప్పులతో బాధపడుతుంటే చూడలేక యంత్రం కనిపెట్టి, దానికి ఆమె పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. ఒక అమ్మ పేరు పైకి రావడానికి యంత్రం కావాల్సి వచ్చింది. ఆమె ఆసు పోసిన చీరల మీద మాత్రం ఆమె పేరు ఎక్కడా లేదు. అవి ఇప్పుడు ఏ బీరువాల్లో ఉన్నాయో, ఏ మూటల్లో వెళ్లిపోయాయో.

చేనేత ఒక్కడి పని కాదు, ఇంటిల్లిపాదీ చేస్తారు, ఎవరి పేరు వేస్తారు అని అడుగుతారు కొందరు. ఇంటి పేరు వెయ్యండి. ఊరు, ఏడాది వెయ్యండి. ఆ మాటకొస్తే ఫ్రాన్స్‌లో కూడా రంగులు విడగొట్టేవాళ్లు, అచ్చు వేసేవాళ్లు, అంచు చుట్టే ఆడవాళ్లు, వీళ్లెవరి పేర్లూ స్కార్ఫు మీద ఉండవు, గీసినవాడిదే ఉంటుంది. అది వాళ్ల లోపం, దాన్ని కూడా మనం కాపీ కొట్టక్కర్లేదు. పైగా జాగా లేదనే సాకు చెల్లదు. ప్యాంటు గుడ్డ కొనండి, అంచు పొడవునా మిల్లు పేరు కనిపిస్తూనే ఉంటుంది. ఆరు గజాల చీరలో, నడుం దగ్గర లోపలికి దోపుకునే కొంగులో, రెండంగుళాలు చాలు. బయటికి కనపడదు కూడా. యాభై ఏళ్ల తర్వాత ఎవరో మనవరాలు బీరువా సర్దుతూ విప్పి చూసినప్పుడు కనపడితే చాలు, అప్పుడు మూట వ్యాపారి వచ్చినా ఒక్క క్షణం ఆలోచిస్తుంది.

పోయిన సంక్రాంతికి ఒక పెద్ద చీరల దుకాణంలో, నాలుగో అంతస్తులో, ఇక్కత్ చీర ఒకటి చాలా నచ్చింది. ధర నచ్చలేదు, అది వేరే సంగతి. నేసింది ఎవరని అడిగాను. సేల్స్‌మన్ కుర్రాడు మంచివాడే, విసుక్కోలేదు, చీర మొత్తం తిరగేసి చూశాడు, ట్యాగు వెనక్కి తిప్పి చదివాడు, బార్‌కోడు కింది నంబరు కూడా చూశాడు. చివరికి నా వైపు చూసి, "సార్, ఫ్రెష్ స్టాకే సార్, నిన్ననే వచ్చింది" అన్నాడు.