పేరు మార్చుకున్న పార్టీ గల్లంతైన తీరు

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా (బీసీ) రాష్ట్రంలో 2024లో జరిగిన ఎన్నికలపై వచ్చిన ఒక వ్యాసం చదివాను. అక్కడ కన్జర్వేటివ్‌ల ఎదుగుదల అంతా దేశ రాజధాని ఒట్టావా నుంచి వీచిన గాలేనని, అంటే జాతీయ కన్జర్వేటివ్ నాయకుడు పొయిలీవ్ర్ గాలేనని అందులో రాశారు. గాలి ఉన్నమాట నిజమే, కానీ అసలు కథ రాష్ట్ర రాజధాని విక్టోరియాలోనే ఉంది. 2001 నుంచి 2017 దాకా పాలించిన బీసీ లిబరల్ పార్టీ 2023లో బీసీ యునైటెడ్ అని పేరు మార్చుకుంది. చాలామంది ఓటర్లకు అది ఏ పార్టీయో కూడా తెలియకుండా పోయింది. వాతావరణ మార్పులపై పెట్టిన పోస్టు కారణంగా 2022లో ఆ పార్టీ బయటికి పంపిన ఎమ్మెల్యే జాన్ రస్టాడే, 2020లో 2 శాతం ఓట్లు కూడా రాని కన్జర్వేటివ్ పార్టీకి నాయకుడయ్యాడు. చివరికి 2024 ఆగస్టు 28న, పోలింగ్‌కు రెండు నెలలైనా లేదనగా, బీసీ యునైటెడ్ నాయకుడు కెవిన్ ఫాల్కన్ తన పార్టీ ప్రచారం ఆపేసి రస్టాడ్‌కే మద్దతు ప్రకటించాడు.

నాకు బాధ కలిగించేది ఇదే. ఓట్లు చీలకూడదన్న లెక్క సరే, మరి ఆ పార్టీ తరఫున ఇల్లిల్లూ తిరిగిన అభ్యర్థుల మాటేమిటి? కొందరు సిట్టింగ్ ఎమ్మెల్యేలు స్వతంత్రులుగా నిలబడ్డారు, ఒక్కరూ గెలవలేదు. మధ్యేవాద ఓటరుకు ఇల్లు లేకుండా పోయింది.

ఫలితం చూడండి: 93 సీట్లలో అప్పటికే అధికారంలో ఉన్న డేవిడ్ ఈబీ పార్టీ ఎన్‌డీపీ (న్యూ డెమొక్రటిక్ పార్టీ)కి 47, కన్జర్వేటివ్‌లకు 44, గ్రీన్స్‌కు 2. సర్రే-గిల్డ్‌ఫర్డ్ స్థానంలో రీకౌంటింగ్ తర్వాత ఎన్‌డీపీ గెలిచిన తేడా 22 ఓట్లు. ఆ ఒక్క సీటు పోతే ఈబీకి మెజారిటీ లేదు. ఫాల్కన్ నిర్ణయం గురించి వ్యాసంలో ఒక్క పేరా అయినా ఉండాల్సింది.