బీసెంట్ రోడ్డులో ఐరోపా రిహార్సలు

విజయవాడ సత్యనారాయణపురంలో మా అక్కయ్య వాళ్ళు ఉండే వీధిలో దొంగలు పడ్డ దాఖలా నాకు తెలిసి లేదు. ఏ దొంగైనా దారి తప్పి ఆ వీధిలోకి వచ్చినా, అరుగుల మీది పెద్దలు వాడి ఊరు, ఇంటిపేరు, ఎవరి తాలూకు అన్న వివరాలు రాబట్టే సరికి తెల్లవారిపోతుంది. అటువంటి వీధిలో జీవితమంతా గడిపి, ప్రభుత్వ లెక్కల శాఖలో పదవీ విరమణ చేసిన మా బావగారికి, లండన్‌లో ఉన్న కూతురు ‘వేసవికి మీరిద్దరూ రండి, ఇక్కడి నుంచి పారిస్, రోమ్ కూడా చూసి వద్దాం’ అని టిక్కెట్లు పంపిన నాటి నుంచి కంటిమీద కునుకు లేదు. విమానం గురించి ఆయనకు భయం లేదు, దాని సంగతి పైలట్ చూసుకుంటాడు. తన జేబు సంగతి చూసుకోవడానికి మాత్రం ప్రభుత్వం ఎవరినీ నియమించలేదన్నదే ఆయన బెంగ.

ఆయన వెంటనే ఒక ఫైలు తెరిచారు. అట్ట మీద ‘విదేశీ పర్యటన – స్వీయరక్షణ’ అని రాసి, ట్యాగు కట్టి, లోపలి కాగితాలకు వరస నంబర్లు వేశారు. ఆ ఫైలు పుణ్యమా అని రాత్రి భోజనాల వేళ మా అందరికీ ఐరోపా జేబుదొంగల చరిత్ర అబ్బింది. 2013 ఏప్రిల్‌లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సిబ్బంది, జేబుదొంగల ఆగడాలు భరించలేక విధులు బహిష్కరించి, ఒక రోజంతా మ్యూజియాన్ని మూయించారని ఆయన చెప్పినప్పుడు మేము నమ్మలేదు. రెండేళ్ళ తరవాత అదే కారణంతో ఈఫిల్ టవర్ సిబ్బంది కూడా కొన్ని గంటలు పని ఆపేశారని చెప్పినప్పుడు మాత్రం, ఉద్యోగులు ఏ కారణానికైనా సమ్మె చేయగలరన్న అనుభవం కొద్దీ నమ్మాము. రోమ్‌లో రైల్వే స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్ళే 64వ నంబరు బస్సు, భక్తులతో పాటు జేబుదొంగలకూ ప్రసిద్ధమట. ‘తిరుమల కొండ మీద కూడా ఇంత బాహాటంగా ఉండదు’ అని మా అక్కయ్య ముక్కున వేలేసుకుంది.

బావగారిని అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టినవి అక్కడి దొంగల మర్యాదలు. మన దొంగ చీకట్లో వస్తాడు, వాళ్ళు పట్టపగలు నవ్వుతూ పలకరిస్తారు. పారిస్‌లో సాక్రే కర్ గుడి మెట్ల దగ్గర ఒకడు స్నేహంగా చెయ్యి పట్టుకుని మణికట్టుకు రంగుదారం కట్టేస్తాడు, ఆ తరవాత డబ్బు ఇస్తే కాని వదలడు. సెన్ నది ఒడ్డున ఒకావిడ నేల మీద నుంచి బంగారు ఉంగరం ఏరి, ‘ఇది మీదేనా?’ అని అడుగుతుంది. అది ఇత్తడి. పర్యాటకులు తిరిగే చోటల్లా అమ్మాయిలు అట్ట పట్టుకుని వచ్చి, మూగవారి సహాయార్థం ఒక సంతకం చెయ్యమంటారు, మనం సంతకం చేస్తూ ఉండగా తోటి పిల్ల జేబు ఖాళీ చేస్తుంది. ఎదుటివాళ్ళు నవ్వుతూ అడిగితే కాదనలేక ఇష్టం లేని పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళి భోంచేసి వచ్చే జాతి మనది, కనుక ఈ పద్ధతులన్నీ తెలుగువాళ్ళను దృష్టిలో పెట్టుకునే తయారుచేశారేమోనని నాకూ అనుమానం కలిగింది.

ఆయుధం విషయంలో బావగారి మొదటి ఆలోచన గుంటూరు మీదికే పోయింది. నాణ్యమైన కారం ఒక చిన్న పొట్లం జేబులో ఉంటే ఐరోపా మొత్తం తన జోలికి రాదని ఆయన లెక్క వేశారు. కూతురు ఫోన్‌లో ఆ లెక్కను కొట్టేసింది. కారం పొడిని విమానంలో చేతి సంచిలో తీసుకుపోనివ్వరు, మిరియాల స్ప్రే అయితే చేతి సంచిలోనూ సామాను పెట్టెలోనూ కూడా నిషిద్ధమే. పైగా బ్రిటన్‌లో 1968 నాటి తుపాకుల చట్టం ప్రకారం ఆ స్ప్రే మామూలు మనిషి దగ్గర ఉండడమే నేరం. కారం పొడి తినడానికైతే పరవాలేదు కాని, మనిషి మీద చల్లే ఉద్దేశంతో జేబులో పెట్టుకుని వీధిలోకి వెళితే అక్కడ అదీ ఆయుధం కిందికే వస్తుంది. అంటే లండన్ వీధుల్లో ఆ పొట్లంతో నడిచినంతసేపూ బావగారు మనసులో ఇడ్లీని తప్ప మరో దాన్ని తలచకూడదు. అంతటి ఏకాగ్రత తనవల్ల కాదని ఆయన ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకున్నారు.

ఆ తరవాత మొగల్రాజపురంలో పిల్లలకు కరాటే నేర్పే ఒక మాస్టారి దగ్గరకు వెళ్ళారు. ఆ మాస్టారు బుద్ధిమంతుడు. ఎవడైనా కత్తి చూపిస్తే పర్సు వాడి కాళ్ళకు దూరంగా విసిరేసి, వ్యతిరేక దిశలో పరుగెత్తాలనీ, డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చుననీ మొదటి పాఠం చెప్పారు. పర్సు ఇచ్చేసి పారిపోవడం తనకు చిన్నప్పటి నుంచీ వచ్చుననీ, దానికి నెలకింత అని ఫీజు ఎందుకనీ బావగారు వాదించి, పైగా తన మోకాళ్ళ పరిస్థితి వివరించి వచ్చేశారు.

చివరికి ఆయన మనసు ఒక పరికరం మీద నిలిచింది. తాళాల గుత్తికి తగిలించుకునే చిన్న బిళ్ళ అది. దానికి ఒక మేకు, ఆ మేకుకు ఒక తాడు ఉంటాయి. ఆపదలో తాడు లాగితే మేకు ఊడి వచ్చి, బిళ్ళ 120 డెసిబెల్స్ స్థాయిలో అరవడం మొదలుపెడుతుంది, మళ్ళీ ఆ మేకును దాని రంధ్రంలో పెట్టేదాకా ఆపదు. దొంగకు నలుగురి కళ్ళూ తన మీద పడడం కన్నా పెద్ద శిక్ష లేదన్నది దాని వెనక ఉన్న సూత్రం, అది మంచి సూత్రమే. కాని బావగారు ఏ పరికరాన్నయినా పరీక్షించకుండా ఆమోదించే రకం కాదు. కనుక రద్దీలో ఒక రిహార్సలు జరగాలన్నారు. ఉగాదికి ముందటి ఆదివారం సాయంత్రం బీసెంట్ రోడ్డును మించిన రద్దీ ఐరోపాలో ఎక్కడా ఉండదని వేదికను ఖరారు చేశారు. దొంగ పాత్రకు ఎవరైతే బాగుంటుందన్న చర్చ అసలు జరగలేదు. బావమరిది ఊళ్ళో ఉండగా ఇంకొకరిని వెతికే బావగారు ఆంధ్రదేశంలో ఉండరు.

పథకం ప్రకారం బావగారు ఏలూరు రోడ్డు వైపు నుంచి, వెనక జేబులో పాత సినిమా టిక్కెట్లు కుక్కిన నకిలీ పర్సుతో, నడుముకు చొక్కా లోపల కట్టుకున్న బెల్టులో పాస్‌పోర్టు నకళ్ళతో, పర్యాటకుడి మాదిరిగా అటూ ఇటూ చూస్తూ నడవాలి. ఆ నకళ్ళ మీద గెజిటెడ్ అధికారి సంతకం కూడా వేయించారు. పాస్‌పోర్టు పోతే అక్కడి పోలీసు ఫిర్యాదు, ఫొటోలు తీసుకుని మన రాయబార కార్యాలయానికి వెళితే ఇంటికి తిరిగి రావడానికి మాత్రం పనికివచ్చే ఒక అత్యవసర పత్రం ఇస్తారు, అందుకు నకలు సాయపడుతుంది. అటెస్టేషన్ మాత్రం పారిస్ దొంగ అడుగుతాడేమోనన్న ముందుచూపు. నేను ఎదురుగా వచ్చి, తగిలినట్టు తగిలి, పర్సు లాగాలి. అక్కయ్యకు ఈ నాటకంలో పాత్ర లేదు కనుక ఆమె చీరల దుకాణంలోకి వెళ్ళింది.

నేను రోడ్డుకు అవతలి చివర చెరకురసం తాగుతూ, నా ప్రవేశానికి వేళ అవుతుందని చూస్తూ ఉండగానే ఆ కేక వినిపించింది. వాస్తవానికి అది కేక కాదు. రైలు కూత, సైరను, ఇంట్లో చంటిబిడ్డ ఏడుపు మూడూ కలిపి ఒకే గొంతులోంచి వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. బావగారి తాళాల గుత్తి తాడు జడపిన్నులు, రబ్బరు బ్యాండ్లు అమ్మే ఒక తోపుడు బండి కొక్కేనికి చిక్కుకుందట. ఆయన ముందుకు అడుగు వేశారు, మేకు వెనకనే ఉండిపోయింది.

నగల దుకాణం వాచ్‌మన్ ముందు జాగ్రత్తగా షట్టరు దించేశాడు, లోపల ఉన్న కొనుగోలుదారులు లోపలే ఉండిపోయారు. అంబులెన్స్ వస్తోందని భ్రమపడి జనం రెండు పక్కలకూ ఒదిగి దారి ఇచ్చారు, ఆ ఖాళీలో మధ్యన మా బావగారు ఒక్కరే, చేతిలో అరుస్తున్న బిళ్ళతో, ఎవరూ తనవైపు చూడకూడదని కోరుకుంటూ నిలబడ్డారు. బిళ్ళను పిడికిట్లో బిగించారు, రుమాల్లో చుట్టారు, చంకలో పెట్టుకున్నారు. చంకలో పెట్టుకున్నప్పుడు శబ్దం తగ్గలేదు కాని, అది ఆయనలోంచే వస్తున్నట్టు కనిపించి పిల్లలు జడుసుకున్నారు. బండి కింద మేకు కోసం వంగి వెతికితే, అక్కడ కొన్నేళ్ళుగా రాలిన జడపిన్నుల రాశి తప్ప ఇంకేమీ లేదు. బండి అమ్మాయి మాత్రం సమయస్ఫూర్తి గలది, ఒక్కొక్క సైజు పిన్నూ తీసి రంధ్రంలో పెట్టి చూసి, పట్టకపోయినా సరే వాటి ధర సైగలతో చెబుతూనే ఉంది.

అంతలో చీరల దుకాణం మెట్ల మీదికి వచ్చిన అక్కయ్య జనాన్ని తోసుకుంటూ నడిచి వచ్చి, మంగళసూత్రానికి వేలాడుతున్న పిన్నీసుల్లోంచి సన్నపాటిది ఒకటి విప్పి, ఆ రంధ్రంలో గుచ్చింది. నిశ్శబ్దం. అక్కయ్య ఉద్యోగం చేసిన రోజుల్లో సిటీ బస్సుల్లో నిలబడి బడికి వెళ్ళి వచ్చేది. కావాలని మీద పడే పెద్దమనుషులకు ఆ పిన్నీసు మొన బాగా పరిచయం. బావగారి ఫైలులో దాని ప్రస్తావన ఎక్కడా లేదు.

శబ్దం ఆగాక కానిస్టేబుల్ వచ్చారు.

‘ఏమిటి సార్ ఇది?’

‘స్వీయరక్షణ అండీ.’

‘ఎవరి నుంచి?’

బావగారు సర్వీసులో ఏనాడూ అబద్ధం రాయని మనిషి. జనంలో నన్ను వెతికి పట్టుకుని, వేలు చూపించి, ‘అదుగో, మా బావమరిది నుంచండీ. అతను దొంగ. అంటే, ఇవాళ్టికి మాత్రమే’ అన్నారు. చెరకురసం గ్లాసుతో నిలబడ్డ నా చుట్టూ జనం వలయం కట్టారు. ‘మా తమ్ముడేనండీ, ఇంకా ఏమీ తియ్యలేదు’ అని అక్కయ్య నా తరఫున వాదించింది కాని, ఆ ‘ఇంకా’ అన్న మాట దగ్గర కానిస్టేబుల్ ఆగి నా చిరునామా రాసుకున్నారు. వెళ్ళేటప్పుడు ఆయనే, ఆపద వస్తే 112కు ఫోన్ చెయ్యాలని చెప్పారు. ఐరోపాలోనూ అదే నంబరని బావగారు గర్వంగా బదులిచ్చారు.

పరికరం ఇంట్లోనే ఉండిపోయింది. అక్కయ్య మాత్రం పాస్‌పోర్టులు, డబ్బు ఒక గుడ్డ సంచిలో పెట్టి, రొండిన దోపుకుని, పైన రెండు పిన్నీసులు పెట్టుకుని విమానం ఎక్కింది. పారిస్ నుంచి ఆమె చేసిన ఫోన్ వల్ల మిగతా కథ తెలిసింది. ఈఫిల్ టవర్ దగ్గర ఇద్దరు అమ్మాయిలు అట్ట పట్టుకుని వచ్చి సంతకం అడిగారట. బావగారు అట్ట చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివారట. తేదీ లేదన్నారు, వరస సంఖ్య లేదన్నారు, సంస్థ ముద్ర ఏదన్నారు, ముందు సంతకం చేసినవాళ్ళు ఇచ్చిన మొత్తాల కూడిక తప్పిందన్నారు. ఒక పిల్ల ఆయన జేబు వైపు చెయ్యి జాపితే, ‘ఇదుగో, నువ్వు కూడా చూడు’ అని ఆ చేతిలో పెన్ను పెట్టి మొత్తాలు మళ్ళీ కూడమన్నారట. వాళ్ళు అట్ట వెనక్కి ఇమ్మని బతిమాలుతుంటే, అంచున నాలుగు కొర్రీలు రాసి, సంతకం చెయ్యకుండానే అందించి, అలవాటు కొద్దీ తెలుగులోనే, ‘ఇవన్నీ సరిచేసుకుని రేపు రండి’ అన్నారట.