తొడ చరిచే జాతి తరఫున లో కిక్ గారికి బహిరంగ లేఖ

విజయనగరం

గౌరవనీయులైన లో కిక్ గారికి,

కిక్‌బాక్సింగ్ లాంటి పోటీల్లో అవతలివాడి కాళ్ళ మీద పడే తన్ను మీరు. మేం తొడ చరిచే జాతి వాళ్ళం. మా సినిమాల్లో హీరో తొడ కొడితే సుమోలు గాల్లోకి లేస్తాయి, రైళ్ళు కూడా వెనక్కి వెళ్తాయి. అలాంటి తొడని పట్టుకుని మీరు వాచిపోయేలా తంతున్నారు. ఇదేం మర్యాదండీ?

పైగా మాది కోడి రామమూర్తి నాయుడు గారు కసరత్తు చేసిన ఊరు. ఆయన ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నారని చెప్పుకుంటూ పెరిగాం. ఇక్కడ బలమంటే ఛాతీ, ఆ తర్వాత భుజాలు. గంటస్తంభం చుట్టుపక్కల ఏ జిమ్‌కైనా వెళ్ళి చూడండి, కుర్రాళ్ళ సెల్ఫీలన్నీ నడుము దాకానే ఉంటాయి. ఆ కింద సంగతి ప్యాంటు చూసుకుంటుంది. మీరు తిన్నగా ఆ ప్యాంటు దాచినదాని మీదకే వస్తారు. దీన్ని మేం వ్యక్తిగత కక్షగానే తీసుకుంటున్నాం.

మీ వంశం సంగతి మాకు తెలియనిది కాదు. గదాయుద్ధంలో బొడ్డు కింద కొట్టకూడదని నియమం. అయినా భీముడు తొడల మీదే కొట్టాడు. బలరాముడు నాగలి పట్టుకుని లేచాడు. ధర్మాధర్మాలు పెద్దలు తేల్చుకుంటారు గానీ, గద తిప్పడంలో తనకంటే పనిమంతుడైన దుర్యోధనుణ్ణి భీముడు పడగొట్టింది ఆ ఒక్క దెబ్బతోనే. ఇప్పటికీ బాక్సింగ్‌లో బెల్టు కిందికి గుద్దు దిగకూడదు, తైక్వాండోలో నడుము కిందికి కాలు దిగకూడదు. మిమ్మల్ని ఒలింపిక్స్ గుమ్మం దగ్గరే ఎందుకు ఆపేశారో ఇప్పుడర్థమైందా?

మీ పనితనం మాత్రం ఒప్పుకోక తప్పదు. తల మీదకి గుద్దు వస్తే తల పక్కకి తప్పుకుంటుంది. కాలికి ఆ సుఖం లేదు. అది ఒంటి బరువు మోస్తూ ఉంటుంది. కదలాలంటే ముందు ఆ బరువు రెండో కాలి మీదకి మారాలి, ఈలోపు మీరొచ్చి పోతారు. చెయ్యి అందని దూరం నుంచి వస్తారు, పాదం బదులు షిన్ ఎముక, అంటే మోకాలి కింద ముందువైపు ఉండే ఎముక దింపుతారు. మొదటిది తగిలినప్పుడు మావాడు నవ్వుతాడు. రెండోదానికీ నవ్వుతాడు, కాస్త పళ్ళు బిగించి. ఆ తర్వాత ముందుకాలి మీద బరువు వెయ్యడానికి మనసొప్పదు. గుద్దుకి ఊపు వచ్చేది నేలని తొక్కే కాలి నుంచి కాబట్టి, తొడ పోయిందంటే భుజాల్లో ఎంత కండ ఉన్నా అది ఫొటోలకే. కింద చూసుకుంటూ చేతులు దించాడా, అదే కాలు ఈసారి చెవి మీదకి వస్తుంది.

1988లో లాస్ వేగాస్‌లో మీరు చేసిన నిర్వాకం మరిచిపోలేం. అమెరికా కిక్‌బాక్సింగ్‌లో కాళ్ళ మీద కొట్టే అలవాటే లేని రోజులు. అక్కడి ఫైటర్ రిక్ రూఫస్ మొదటి రౌండ్‌లోనే థాయ్‌లాండ్ నుంచి వచ్చిన చాంగ్‌పుయెక్ దవడ విరగ్గొట్టాడు. ఆ దవడతోనే చాంగ్‌పుయెక్ అవతలివాడి తొడలు తన్నుకుంటూ పోయాడు. నాలుగో రౌండ్‌కి రూఫస్ నిలబడలేకపోయాడు. అంతకుముందు 1976లో టోక్యోలో జపాన్ రెజ్లర్ ఇనోకి రింగులో వెల్లకిలా పడుకుని మరీ మహమ్మద్ అలీ కాళ్ళని పదిహేను రౌండ్లు తన్నాడు. మ్యాచ్ డ్రా అయింది, అలీ కాళ్ళు మాత్రం ఆసుపత్రి పాలయ్యాయి. చూడ్డానికి అంత దరిద్రమైన మ్యాచ్ ఇంకోటి లేదు, అది వేరే విషయం.

ఈమధ్య తొడ చాలక పిక్కల మీద పడ్డారు. 2021 జనవరిలో అబూ ధాబీలో, గుద్దులూ తన్నులూ కుస్తీ అన్నీ కలిసిన ఎం.ఎం.ఏ. పోటీలో, పోరియే చేతిలో మెక్‌గ్రెగర్ ఓటమి అక్కడే మొదలైంది. మోకాలికి కాస్త కిందగా, బయటివైపు, ఎముకని ఆనుకుని ఒక నరం పోతుంది. దాని మీద కండ పెద్దగా ఉండదు. అక్కడ సరిగ్గా పడితే పాదం ముందుభాగం పైకి లేవదు. ఇది ఎలా ఉంటుందో మా తాలింఖానాలో, అదే మా కసరత్తుశాలలో, ఒక కుర్రాడు చూపించాడు. ప్రాక్టీసులో ఎడమ పిక్క మీద రెండు తిన్నాడు, "ఏటీ కాలేదు" అంటూ పల్సర్ ఎక్కాడు. ఫస్ట్ గేర్ పడింది, అది కిందికి తొక్కేదే కదా. రెండోది వెయ్యాలంటే బొటనవేలితో పైకి లేపాలి. వేలు లేవడం లేదు. చెప్పు లివర్ కింద పెడతాడు, జారిపోతుంది, వంగి చూస్తాడు, మళ్ళీ పెడతాడు. ఎత్తుబ్రిడ్జి మొత్తం ఫస్ట్ గేర్‌లోనే ఎక్కి దిగాడు, వెనక ఆటోవాళ్ళందరూ హారన్ కొడుతుంటే.

అయితే మీకూ మొగుడున్నాడు. అవతలివాడు మోకాలు ఎత్తి కాస్త బయటికి తిప్పాడంటే మీ ఎముక వెళ్ళి వాడి ఎముక గట్టి చోట తగులుతుంది. 2013 డిసెంబర్‌లో ఎం.ఎం.ఏ. ఫైటర్ వైడ్‌మన్ అలా అడ్డుపెడితే తన్నిన ఆండర్సన్ సిల్వా కాలే విరిగింది. 2021లో అదే వైడ్‌మన్ తన్నబోయి అలాగే విరగ్గొట్టుకున్నాడు. మోకాలు ఎత్తడం నేర్చుకోండ్రా అంటే మావాళ్ళకి బోరు. బైసెప్స్‌కి మాత్రం తెల్లారకుండానే వస్తారు.

చివరగా ఒక్క మనవి. దసరా తర్వాత మంగళవారం సిరిమానోత్సవం. ఆ వారం మా జోలికి రాకండి. ఊళ్ళోకి బళ్ళు రానివ్వరు, కోట దాకా అందరం నడిచే వెళ్ళాలి. కుంటుకుంటూ వస్తే పైడితల్లి అమ్మవారు ఏమీ అనుకోరు. కానీ చుట్టాలందరూ ఊళ్ళోనే ఉంటారు. "ఏటైందిరా కాలికి" అని ఒక్కొక్కరూ అడుగుతారు, ఒక్కొక్కరికీ మీ గురించి మొదట్నుంచీ చెప్పాలి.

ఇట్లు,
తాలింఖానా గట్టు మీద కూర్చుని చూసేవాడు