చిన్న విమానమైనా రన్‌వే ఒక్కటే

నిన్న మిర్యాలగూడలో మా మేనకోడలికి సంబంధం చూడటానికి వచ్చినవారిలో ఒక పెద్దమనిషి, అమ్మాయి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ అని తెలియగానే, "గా బుడ్డ విమానాలకు గూడ ట్రాఫిక్ పోలీసు గావాల్నా బిడ్డా, పైనంతా ఖాళీయే గదా" అని అందరి ముందు నవ్వాడు. పెద్దల ఎదుట ఎదురు చెప్పడం ఇష్టం లేక ఆమె ఊరుకుంది. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ మింగుడు పడలేదు.

పైన ఖాళీయే కావచ్చు, కానీ ఎగిరిన ప్రతి విమానమూ దిగవలసింది ఆ ఒక్క రన్‌వే మీదనే. ఆమె పనిచేసే చోట శిక్షణ విమానాలు పొద్దస్తమానం సర్క్యూట్లు కొడుతుంటాయి, అంటే లేచి, చుట్టూ ఒక తిరుగు తిరిగి, మళ్లీ అదే రన్‌వే మీద దిగుతుంటాయి. రెండు సీట్ల సెస్నా 152 గంటకు సుమారు 120 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే, దాని వెనుకే చిన్న జెట్ ఒకటి 240 వేగంతో రావచ్చు. మూడు కిలోమీటర్ల దూరం సెస్నాకు 90 సెకన్లు, జెట్‌కు 45 సెకన్లు. ఆ తేడాను ముందే లెక్కగట్టి, ఒకరిని ఇంకో చుట్టు తిరిగి రమ్మని, నేల మీదున్న మరొకరిని రన్‌వే బయటి గీత దగ్గరే ఆగమని చెప్పి, చెప్పినదాన్ని పైలట్ నోట మళ్లీ పలికించుకుని వినాలి. ముందు దిగిన విమానం రన్‌వే విడిచాకే వెనుకది దిగాలన్న నియమంలో, రెండు వేల కిలోలకు మించని ఒంటి ఇంజన్ విమానాలకు అంతర్జాతీయ నియమాలు ఇచ్చే సడలింపు కూడా పగటిపూటకే పరిమితం. అప్పుడైనా, దిగిన విమానం రన్‌వే మొదలు నుంచి కనీసం 600 మీటర్లు దాటి, కదులుతూ ఉంటేనే వెనుకది రావచ్చు. అవతల కాక్‌పిట్‌లో ఉన్నది మొదటిసారి ఒంటరిగా ఎగురుతున్న పిల్లవాడు కావచ్చు.

రన్‌వే మీదికి ఒక విమానాన్ని పంపగానే తన ముందున్న స్ట్రిప్‌ల (ఒక్కో విమానం వివరాలు రాసుకునే సన్నని పట్టీల) వరుసలో ఒక రంగు పట్టీని అడ్డంగా పెడతానని, అది తీసేదాకా ఇంకెవరినీ దిగమని అననని ఆమె ఒకసారి చెప్పింది. ఆ జాగ్రత్త ఎందుకో తెలియాలంటే 1991 ఫిబ్రవరి 1న లాస్ ఏంజెలెస్‌లో ఏం జరిగిందో చదవాలి. చీకటి పడ్డాక, రన్‌వే మీద నిలబెట్టిన చిన్న విమానాన్ని మరచి, కంట్రోలర్ అదే రన్‌వే మీద బోయింగ్‌కు దిగడానికి అనుమతి ఇచ్చారు. 35 మంది చనిపోయారు. చిన్న విమానంలోని 12 మందిలో ఒక్కరూ మిగలలేదు. ఒక మనిషి పొరపాటును ఇంకొకరు పట్టుకునే ఏర్పాటు కంట్రోలర్లు కూర్చునే ఆ టవర్‌లో లేకపోవడాన్నే దర్యాప్తు సంస్థ తప్పుబట్టింది.

టవరే లేకపోతే ఎలా ఉంటుందో 1996 నవంబర్‌లో అమెరికాలోని క్విన్సీలో తేలింది. అక్కడ పైలట్లే రేడియోలో ఒకరికొకరు చెప్పుకోవాలి. దిగుతున్న విమానమూ, అడ్డుగా ఉన్న మరో రన్‌వే మీద లేస్తున్న విమానమూ ఢీకొని 14 మంది పోయారు.

బుడ్డ విమానమట! మన నల్లగొండ జిల్లాలోనే, 2022 ఫిబ్రవరిలో, పెద్దవూర మండలంలో శిక్షణ విమానం కూలి ఒక ఆడపిల్ల ప్రాణం పోయింది. అది కంట్రోలర్లకు సంబంధించిన ప్రమాదం కాదు. కానీ ఆ బుడ్డ విమానంలో కూర్చునేది ఎవరి పిల్లలో మన జిల్లావాళ్లకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

నా అసలు బాధ ఇంకా పాతది. మహబూబ్‌నగర్ వైపు విమానాశ్రయం అన్న మాట వచ్చిన ప్రతిసారీ మనవాళ్ల నోట ఎకరం ధర తప్ప ఇంకో మాట రాదు. అలాంటి చోట మొదట వాలేవి ఈ చిన్న విమానాలే, శిక్షణ విమానాలే. టవర్ ఎప్పుడు కడతారు, అందులో ఒక్క పూటకు ఎంతమంది కంట్రోలర్లు ఉంటారు, ఒకరు అలసిపోతే కుర్చీలోకి వచ్చేది ఎవరు అని నాయకులను నిలదీసినవారిని నేను ఇంతవరకు చూడలేదు. ఈసారి ఆ ప్రాంతంలో సభ పెడితే నేనే వెళ్లి అడుగుతాను, తోడుగా ఎవరైనా వస్తే సంతోషం.